అంతరించిన బిరుదము: మొదటి సాలారుజంగు

హైదరాబాదు నగరమున మూసీనది దక్షిణపు గట్టున నున్న వస్తుప్రదర్శనశాల పేరు ఎరుగనివారు తెలుగుదేశమున అరుదు. పల్లెలనుండి వచ్చు యాత్రికుడు చార్మినారు చూచి, పిదప సాలారుజంగు మ్యూజియము చూచి, నగరదర్శనము ముగిసినదని తృప్తితో ఇల్లు చేరును. సాలారుజంగు అనునది ఒక మనుష్యుని పేరని అతడు తలచును. అది పేరు కాదు, బిరుదము. యుద్ధమున సేనానాయకుడని దాని యర్థము. ఆ బిరుదముతో చరిత్రకారులు లెక్కించువారు ఆ వంశమున ముగ్గురు. వారు మువ్వురును మంత్రులే. యుద్ధభూమిలో కీర్తి గడించినవా రొక్కరును లేరు. వారిలో కడపటివాడు 1949 మార్చి 2వ తేదీన అవివాహితుడుగా, సంతానహీనుడుగా మరణించెను. ఆ దినముతో ఆ బిరుదమును ధరించు హక్కుగల వంశము ముగిసినది.

మువ్వురిలో మొదటివాడగు మీర్ తురాబ్ అలీఖాను జీవితమును, ఆయన వంశపు బిరుదముల చరిత్రమును నేడు పాఠకుల యెదుట నుంచ దలచితిమి. పూర్వులు గడించిన భూములను, పేరును పిల్లలకు అప్పగింపవలెనని కోరు గృహస్థు లందరికిని ఈ కథయందు ఆలోచింపదగిన విషయము కలదని మా నమ్మకము.

బిరుదములనగా నేమియో ముందు తెలిసికొనుట మంచిది. అసఫ్‌జాహీ దర్బారునందు బిరుదములకు ఒక మెట్ల వరుస యుండెను. మొదట ఖాను, బహద్దరు, దానిపైని జంగు, ఆపైని దౌలా, ఆపైని ముల్కు, ఆపైని ఉమ్రా, అన్నిటికంటె పైమెట్టు జాహు. హిందువులగు ఉద్యోగులకును, ప్రభువులకును రాజా, రాజా బహద్దరు, వంతు, మహారాజా అను వరుస వేరుగా నుండెను. ఈ బిరుదములు పొలమువలె తండ్రినుండి కుమారునికి తమంతట తాము వచ్చునవి కావు. తండ్రి గతించిన పిమ్మట కుమారుడు ప్రభువునకు నజరు సమర్పించి వానిని మరల పొందవలసియుండెను. అయినను గొప్ప కుటుంబములయందు తాత బిరుదమే మనుమనికి లభించుచు వచ్చినందున లోకము వానిని వంశపారంపర్యములుగనే యెంచెను. బిరుదము వెంట మన్‌సబును, దాని వెంట జాగీరును నడచుచుండెను. కనుక బిరుదము పోయిన నది గౌరవహాని మాత్రమే కాదు; అన్నమునకును హాని.

ఐరోపాలో ఆచారము వేరు. అచట రాజు ఒక్కసారి బిరుదపత్రము వ్రాసి యిచ్చిన చాలును. ధర్మపత్నికి పుట్టిన పురుషసంతతి యున్నంతకాలము అది నిలుచును, లేనినాడు ఆరిపోవును. అట్లు ఆరిన బిరుదములు ఐర్లండు ప్రభుకుటుంబములలో అనేకములు కలవు. వానిలో నొకటి మన హైదరాబాదు చరిత్రముతో ముడిపడియున్నది. గవర్నరు జనరలుగా వచ్చిన రిచర్డు వెల్లెస్లీ ఐర్లండు కుటుంబమువాడు. 1798లో నిజాముచే సైన్యసహకార సంధి వ్రాయించుకొన్నవాడును, 1799లో శ్రీరంగపట్టణమును పట్టించి టిప్పుసుల్తానును కూల్పించినవాడును అతడే. ఆ విజయమునకు బహుమతిగా నతనికి మార్క్వెస్ వెల్లెస్లీ యను బిరుదము దొరకెను. అది ఇంగ్లండు ప్రభుపంక్తిలోనిది గాక ఐర్లండు ప్రభుపంక్తిలోనిది యగుటచే నతడు మిక్కిలి నొచ్చుకొనెను. అతనికి ధర్మపత్నివలన వివాహానంతరము పుట్టిన కుమారుడు లేడు. 1842లో అతడు మరణింపగా తండ్రినుండి వచ్చిన ఎర్ల్ పదవి తమ్మునికి పోయెను. తాను గడించిన మార్క్వెస్ పదవి మాత్రము అతనితోనే నశించెను. ఒక రాజ్యమును కూల్చి పొందిన బిరుదము నలువదిమూడేండ్లు నిలిచినది.

శ్రీరంగపట్టణపు ముట్టడికి నిజాము పక్షమున పోయిన సేనకు పెద్ద మీర్ ఆలం. సాలారుజంగు వంశపు భాగ్యము ఇతనితో ఉచ్చస్థితికి వచ్చినది. ఇతడు 1804లో దివానయి, 1808లో మరణించువరకు ఆ పదవియందుండెను. అతని పేరిట నేటికిని నున్న చెరువు ఆ కాలపుదే. వరుసగా నిలిచిన అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన దాని ఆనకట్ట చూచువారికి నేటికిని ఆశ్చర్యము గొల్పును. ఇతని యల్లుడు మునీరుల్‌ముల్కు 1809లో దివానయ్యెను. కాని అధికారమంతయు పేష్కారగు చందూలాలు చేతిలోనుండెను. దివాను బిరుదమును మోసెను, పేష్కారు రాజ్యమును నడిపెను. 1832లో మునీరుల్‌ముల్కు మరణించునాటికి ఆ యింట మిగిలినవి పెద్ద పేరును, పెద్ద అప్పులును. జాగీరులు జప్తులో నుండెను.

అట్టి యింట 1829లో మీర్ తురాబ్ అలీఖాను పుట్టెను. మునీరుల్‌ముల్కునకు ఆయన మనుమడు. తండ్రి బాల్యముననే గతించెను. పిన్నవయసుననే తాతయు పోయెను. పినతండ్రి వరుసవాడగు సిరాజుల్‌ముల్కు ఆ బాలుని పెంచెను. పారసీకము, అరబ్బీ ఇంటనే నేర్చిన ఆ బాలుడు పిదప ఇంగ్లీషు కూడ నేర్చెను. పందొమ్మిదేండ్ల ప్రాయమున ఖమ్మము ప్రాంతమున కొలదినెలలు తాలూక్‌దారుగా పనిచేసెను. డైటన్ అను ఆంగ్లేయుడు అంతకు పూర్వము అచట కొంత క్రమమైన వసూలుపద్ధతి నెలకొల్పియుండెను. ఆ యువకుడు దానిని చూచెను, నేర్చెను. పిదప జప్తునుండి విడుదలయైన తన వంశపు జాగీరులను తానే చక్కబెట్టెను. తెలుగు రైతు పొలమువద్ద లెక్క ఎట్లు తప్పునో, ఆ తప్పు ఎవరి సంచిలో చేరునో ఆయనకు యౌవనముననే తెలిసెను. ఇది ఆయన జీవితమునకు పునాది.

1853 మే 21వ తేదీన గవర్నరు జనరలు డల్‌హౌసీ నిజాము నాసిరుద్దౌలాచే ఒక సంధి వ్రాయించుకొనెను. హైదరాబాదు కంటింజెంటు అను సైన్యపు జీతముల బాకీ పెరిగినదని చెప్పి, బీరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ ప్రాంతమును కుంపిణీ వశపరచుకొనెను. ఆ సైన్యము నిజామునకై యుంచినదని పేరు, ఆజ్ఞ కుంపిణీది, ఖర్చు మన రైతుది. సంధిపై సంతకములు ఆరకముందే, వారము దినములలోపల, దివాను సిరాజుల్‌ముల్కు కన్నుమూసెను. మే 31వ తేదీన ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీఖాను దివానుగా నియమింపబడెను. ఆయన ఆ పదవిని కోరినవాడు కాడు. అప్పుల రాజ్యమును, అనుమానించు ప్రభువును, ఆజ్ఞాపించు రెసిడెంటును చూచి ఏ బుద్ధిమంతుడు కోరును? పదవి వలదన్నచో వంశము నిలువదని బంధువులు చెప్పగా అంగీకరించెను.

నాటి రాజ్యస్థితిని వర్ణించుట కష్టము. తాలూకాలు వేలముపాటకు నడచుచుండెను. ఎక్కువ పాడినవానికి వసూలు అధికారము. వాడు తాను పాడినదానికి రెట్టింపు రైతునొద్ద పిండుకొనును. మరుసటి యేడు మరియొకడు ఎక్కువ పాడును, మొదటివాడు తొలగును, రైతు మాత్రము మారడు. జీతములు ముట్టని అరబ్బు జమాదారులును, రోహిలాలును గ్రామములను తాకట్టు పట్టియుండిరి. అప్పుపడినవానిని తమ యిండ్లలోనే బంధించి, తమ న్యాయము తామే నడుపుచుండిరి. నాణెములు ఊరికొక తీరు. ఖజానాలో లెక్క లేదు. లెక్క యున్నచోట ధనము లేదు.

యువకుడగు దివాను తొందరపడలేదు. ఒక్కొక్క ముడిని విప్పుచు వచ్చెను. మొదట తాకట్టుపడిన తాలూకాలను విడిపించెను. అరబ్బుల చెరసాలల అధికారమును క్రమముగా తగ్గించెను. వేలముపాటలు మాన్పి, జీతముపై పనిచేయు తాలూక్‌దారులను నియమించెను. నగరమున కేంద్ర టంకశాల నెలకొల్పి హాలీసిక్కా నాణెమును నడిపెను. 1864లో రెవిన్యూ బోర్డు ఏర్పడెను. 1865లో జిల్లాబందీ జరిగెను. అనగా రాజ్యమును జిల్లాలుగా విభజించి, జిల్లాకు తాలూక్‌దారుని, తాలూకాకు తహసీలుదారుని నియమించి, ఎవరి సరిహద్దు ఎంతయో, ఎవరి బాధ్యత ఏదియో నిర్ణయించుట. పిదప జిల్లాలను కలిపి అయిదు సుబాలుగా చేసిరి. 1868లో న్యాయము, రెవిన్యూ, పోలీసు, ఇతర శాఖలకు వేరువేరుగా నలుగురు సదరుల్‌మహాములు ఏర్పడిరి. ధాన్యములో భాగము పంచుకొను బటాయి పద్ధతి తగ్గి, నగదు శిస్తు వచ్చెను. 1875 ప్రాంతమున భూముల కొలతయు, పైమాయిషీయు ఆరంభమయ్యెను.

పాఠశాలలు, వైద్యశాల, రహదారులు, తంతివార్త, ఇవన్నియు ఆయన కాలమునకు చెందినవే. దారుల్‌ఉలూము అను కళాశాల 1850ల నడుమ స్థాపింపబడెను. అఫ్జలుగంజి వైద్యశాల 1866లో తెరువబడెను. 1874లో వాడినుండి సికిందరాబాదువరకు రైలుబండి నడచెను. ఆ రైలువలన కుంపిణీవారసులగు ఆంగ్లేయుల సైన్యమునకును, వర్తకమునకును లాభము కలిగినమాట నిజమే. కాని కరువునాట ధాన్యము తెచ్చిన దారియు అదియే.

ఈ సంస్కారములన్నిటిని కలిపి చూచినచో ఒక సూత్రము కనబడును. పూర్వము అధికారమును పుట్టుకయో, పాటసొమ్మో, కత్తియో ఇచ్చుచుండెను. సాలారుజంగు జీతమునకును, లెక్కకును, జవాబుదారీకిని అధికారమును కట్టివేసెను. తాను పుట్టుకవలన దివానైనవాడు. అయినను పుట్టుక నడుగని ఉద్యోగమును సృష్టించెను. ఈ వైరుధ్యమే ఆయన జీవితమునందలి ముఖ్యవిషయమని మేము తలచుచున్నాము.

అంత పనిచేసినవాని యింటిస్థితి యెట్లుండెను? నిజాము అఫ్జలుద్దౌలా ఆయనను నమ్మలేదు. ప్రభువు సెలవు లేనిదే దివాను నగరపు గడప దాటరాదు. ఊరి వెలుపలనున్న తన తోటలో విందు చేయవలెనన్నను అనుమతి కోరవలెను. ఆయనను పదవినుండి తొలగింప 1861లో నొకసారి, 1867లో మరియొకసారి ప్రయత్నములు జరిగెను. 1859లో దర్బారునుండి రెసిడెంటుతో కలసి వచ్చుచుండగా ఒకడు తుపాకి పేల్చెను. 1868లో మరల ప్రాణముపైకి వచ్చెను. రెండుసార్లును బ్రతికి బయటపడెను. పెద్ద బిరుదము గలవాడు స్వతంత్రుడని లోకులు తలంతురు. ఈ దివాను బంగారుపంజరమునందు ముప్పది సంవత్సరములు గడపెను.

ఇక 1857 సంగతి. దానిని దాచి సాలారుజంగును పొగడుట న్యాయము కాదు. దానినొక్కటి చూపి ఆయనను నిందించి ఊరకుండుటయు న్యాయము కాదు. ఆ యేడు మే నెలలో ఉత్తరదేశమున సిపాయిలు తిరుగబడిరి. అదే నెలలో నాసిరుద్దౌలా మరణించి, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కెను. జులై 17వ తేదీన తుర్రెబాజుఖాను, మౌల్వీ అలావుద్దీను అనువారి నాయకత్వమున రోహిలాలును, పౌరులును రెసిడెన్సీపై దండెత్తిరి. దివాను ఆ వార్తను ముందుగా రెసిడెంటు డేవిడ్‌సనుకు తెలిపెను. దాడి విఫలమయ్యెను. మౌల్వీ అండమానుకు పంపబడెను. తుర్రెబాజుఖాను చెరనుండి తప్పించుకొని, 1859 జనవరిలో తూప్రానువద్ద కాల్చబడెను. ఆ వీరుని శవమును నగరమున బహిరంగముగా వ్రేలాడదీసిరి. దక్షిణాపథమున అగ్ని అంటుకొనకుండుటకు హైదరాబాదు దివాను నిలుపుదలయే ముఖ్యకారణమని ఆంగ్లేయులే యొప్పుకొనిరి.

సాలారుజంగు పక్షమున చెప్పదగిన మాట కలదు. తిరుగుబాటు ఓడినచో హైదరాబాదు ఔధువలె ఒక్క కలముపోటుతో పోయెడిదని ఆయన భయపడెను. నాలుగేండ్లు కష్టపడి కట్టుచున్న యిల్లు కూలునని జంకెను. ఇది మంత్రి లెక్క. అయితే జాతి లెక్క వేరు. ఒక దేశము తన ప్రభువులు ఎంత నేర్పుతో తమ ఇండ్లను రక్షించుకొనిరో గుర్తుంచుకొనదు; తనకొరకు ఎవరు మెడనిచ్చిరో గుర్తుంచుకొనును. కోఠీ ప్రాంతమున నేడొక వీథి తుర్రెబాజుఖాను పేర నున్నది. ఆ పేరునకు జంగు లేదు, దౌలా లేదు, ముల్కు లేదు. వారసు డెవడని ఆ పేరు అడుగదు.

ఆ రాజభక్తికి ప్రతిఫలము 1860 సంధిలో వచ్చెను. రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతము తిరిగి యిచ్చిరి. సురపురము సంస్థానమును చేర్చిరి. ఏబది లక్షల బాకీ కొట్టివేసిరి. బీరారు మాత్రము ఇయ్యలేదు. నల్లరేగడి, ప్రత్తిపంట గల ఆ సీమ ఇంగ్లండు బట్టల మిల్లులకు అక్కరయైనది. సాలారుజంగు శేషజీవితమంతయు బీరారు చుట్టును తిరిగెను. 1869లో అఫ్జలుద్దౌలా మరణింపగా గద్దెనెక్కిన మహబూబు అలీఖానుకు అప్పటికి మూడేండ్లు నిండలేదు. సాలారుజంగును, పైగా ప్రభువగు షంసుల్‌ఉమ్రాయును సహపాలకులైరి. బాలుడగు ప్రభువు ఆస్తిని చేజార్చుట పాలకునికి తగదని, బీరారు తిరిగి యిండని ఆయన పట్టుపట్టెను. సైన్యపు ఖర్చునకు మూలధనమే కట్టెదమనెను. విజ్ఞప్తిపై విజ్ఞప్తి పోయెను. సమాధానము రాలేదు.

1876లో ఆయన స్వయముగా ఐరోపాకు ప్రయాణమయ్యెను. రోమునగరమున ఇటలీరాజును, పోపును చూచెను. పారిసులో మెట్లపైనుండి జారిపడి తొడ యెముక విరుగగొట్టుకొనెను. ఆ స్థితిలోనే లండను చేరెను. రాణి ఆదరించెను, యువరాజు విందు చేసెను, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమిచ్చెను, లండను నగరము గౌరవపౌరత్వ మిచ్చెను. నక్షత్రపతకము అంతకు పూర్వమే వచ్చియుండెను. కోరినది ఒక్కటి: బీరారు. దొరకినవి అనేకములు: అన్నియు బిరుదములే. పరదేశప్రభుత్వము మనవారికి ఏది యిచ్చునో, ఏది యియ్యదో తెలియుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. తిరిగి వచ్చినపిమ్మట ఆయనకు లభించినది గవర్నరు జనరలు లిట్టను కోపము. 1877లో ఆయన ఇష్టమునకు వ్యతిరేకముగా రషీదుద్దీనుఖానును సహపాలకునిగా తెచ్చి ప్రక్కన కూర్చుండబెట్టిరి.

బీరారు కథ ముగిసినతీరు కూడ ఇచట చెప్పుట యుక్తము. 1902లో కర్జను ప్రభువు మహబూబు అలీఖానుచే దానిని శాశ్వతపు కౌలుగా వ్రాయించుకొనెను. ఏటికి ఇరువదియైదు లక్షల రూపాయలు. 1936లో ఏడవ నిజాముతో మరియొక ఒడంబడిక జరిగెను. నిజామునకు హైదరాబాదు బీరారుల నిజామనియు, యువరాజునకు బీరారు యువరాజనియు బిరుదము లిచ్చిరి. పరిపాలన మధ్యరాష్ట్రములతోనే యుండెను. భూమి పోయినది, దాని పేరు బిరుదమై వచ్చినది. సాలారుజంగు ఆ దినము చూడలేదు, చూచినచో సంతసించియుండడు.

ఆయన లోపములను కూడ చెప్పవలెను. మొదటిది భాష. రాజ్యమున అధికసంఖ్యాకులు తెలుగువారు. పిదప మరాటీవారు, కన్నడిగులు. ఆయన కాలమున కచ్చేరీలలో పారసీకమే నడచెను; ఆయన పోయిన కొలదికాలమునకే, 1880ల నడుమ, దాని స్థానమున ఉర్దూ వచ్చెను. తెలుగునకు చోటు ఏనాడును లేదు. సంస్కారముకొరకు ఆయన ఉత్తరదేశపు విద్యావంతులను రప్పించెను. వారు సమర్థులు, సందేహము లేదు. కాని రైతు భాషలో రైతు హక్కు వ్రాయనిచో, చక్కని లెక్కయు వానికి చీకటియే. తెలుగువారు తమ భాషకై తామే పాటుపడవలసివచ్చెను. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1921లో ఆంధ్రజనసంఘము ఆ చీకటిలో వెలిగిన దీపములు.

రెండవది భూమి. వసూలు పనినుండి తొలగింపబడిన దేశముఖులకు, దేశపాండ్యాలకు ఆయన రుసుములు ఏర్పరచెను. పైమాయిషీ జరిగినపుడు వారిలో పలువురు తమ పలుకుబడిచే విశాలమైన భూములను తమ పేరిట వ్రాయించుకొనిరి. వ్రాయునది వారికి తెలిసిన భాష. దున్నువానికి తెలియని భాష. రెండు దోషములు అచట ఒక్కటైనవి. జాగీరులను ఆయన ముట్టుకొనలేదు. ముట్టుకొనుటకు తాను గొప్ప జాగీరుదారు. కోస్గి, కొప్పళము, ఎల్బుర్గ, అజంతా మున్నగు తాలూకాలతో ఆ వంశపు జాగీరు సుమారు పదునైదువందల చదరపు మైళ్లు విస్తరించియుండెను. దివానీ గ్రామములలో చట్టమును తెచ్చిన చేయి జాగీరు గ్రామముల వాకిట ఆగిపోయెను. ఆ మిగిలిన పనిని ప్రజలు తామే చేయబూనిరి. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున జరిగిన రైతుపోరాటపు వేళ్లు ఆనాటి కాగితములలోనే యున్నవి.

1883 ఫిబ్రవరి నెలలో జర్మనీ దేశపు మెక్లెన్‌బర్గు ప్రభువొకడు హైదరాబాదునకు అతిథిగా వచ్చెను. తన వంశపు మీర్ ఆలం కట్టించిన చెరువుపై సాలారుజంగు ఆ యతిథిని పడవలో త్రిప్పెను. మరునాటికి వాంతిభేదులు సోకెను. 8వ తేదీన మరణించెను. ఏబదినాలుగేండ్ల వయసు. దాయిరా మీర్ మోమినునందు తన పెద్దల సమాధులనడుమ పాతిపెట్టిరి. దర్బారు ఆయనకు మెట్టుపై మెట్టుగా శుజావుద్దౌలా, ముఖ్తారుల్‌ముల్కు అను పై బిరుదములు ఇచ్చియుండెను. లోకము వానిని మరచెను. క్రిందిమెట్టుదగు సాలారుజంగు అను పేరినే నిలిపెను. ప్రభువులిచ్చు మెట్ల లెక్కను జనులు పాటింపరనుటకు ఇదియే నిదర్శనము.

ఆయనకు కుమారు లిద్దరు. పెద్దవాడు లాయఖ్ అలీఖాను, రెండవ సాలారుజంగు, 1884లో మహబూబు అలీఖాను పాలన చేపట్టినపుడు దివానయ్యెను. అప్పటి కాతనికి ఇరువదియొక్క యేండ్లు. ఇమాదుస్సల్తనతు అను బిరుదము కూడ వచ్చెను. 1887లో ప్రభువుతో సరిపడక తప్పుకొనెను. 1889లో ఇరువదియారేండ్లకే మరణించెను. ముత్తాత పేరగు మునీరుల్‌ముల్కు బిరుదమును ధరించిన తమ్ముడు మరుసటి యేడే పోయెను. అంత పెద్ద యింట మిగిలినది లాయఖ్ అలీఖాను శిశువగు యూసుఫ్ అలీఖాను ఒక్కడే. తండ్రి పోవునాటికి వానికి నెల నిండలేదు. జాగీరు ప్రభుత్వపు పర్యవేక్షణకు పోయెను.

ఆ శిశువే మూడవ సాలారుజంగు. 1912లో ఇరువదిమూడేండ్లకు దివానయ్యెను. ఏడవ నిజాము తానే సర్వము చూచుకొనగోరినందున 1914లో తప్పుకొనెను. అటుపై మూడున్నర దశాబ్దములు ఆయన చేసిన పని యొక్కటే: వస్తువులు సేకరించుట. చిత్రములు, శిల్పములు, కత్తులు, గడియారములు, వ్రాతప్రతులు, పింగాణి, ఏనుగుదంతపు పనులు దివాన్‌దేవిడీ గదులన్నిటను నింపెను. 1876 యాత్రలో తాత రోమునగరమున కొన్న మేలిముసుగు రెబెక్కా పాలరాతిబొమ్మయు వానిలో నొకటి. వంశమున దీపము లేదని యెరిగినవాడు వస్తువులలో వంశమును నిలుపజూచెనేమో! 1949 మార్చిలో ఆయన కన్నుమూయగా ఆస్తికి పలువురు దాయాదులు బయలుదేరిరి. ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాలు నెహ్రూ మ్యూజియమును ప్రారంభించెను. 1958లో న్యాయస్థానమున రాజీ కుదిరి సేకరణము ప్రజల సొత్తయ్యెను. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో నేటి భవనమునకు మారెను.

కాలము కూడ ఆ వంశముతో కలసి అంతరించినట్లు తోచును. 1948 సెప్టెంబరులో నిజాము స్వతంత్రత ముగిసెను. మూడవ సాలారుజంగు మరణించిన అయిదు మాసములకే, 1949 ఆగస్టు 15వ తేదీన, జాగీరులు రద్దయ్యెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 18వ అనుచ్ఛేదముచే, సైనిక విద్యావిషయకములు తప్ప, బిరుదములిచ్చు పనినే రాజ్యమునకు నిషేధించెను. 1971లో సంస్థానప్రభువుల గుర్తింపును, భరణములును తొలగింపబడెను. యూసుఫ్ అలీఖానుకు పదుగురు కుమారులు పుట్టియున్నను నాలుగవ సాలారుజంగు ఉండెడివాడు కాడు. వెల్లెస్లీ బిరుదము సంతానము లేక పోయినది. సాలారుజంగు బిరుదము సంతానము లేకయు పోయినది, ఇచ్చువాడు లేకయు పోయినది.

మరి మిగిలిన దేమి? నగరమునకు తూర్పున ఉప్పలు, నాచారములు దాటి దమ్మాయిగూడవైపు పోయి చూడుడు. పొలములు ఇండ్లస్థలములైన ఆ ప్రాంతమున గజము కొనువాడు మొదట అడుగునది సర్వే నంబరు. కాగితముపై జిల్లా పేరు వ్రాయించును, తహసీలుదారు కచ్చేరీలో నకలు తీయించును, పట్టా యెవరిపేర నున్నదో చూచును. జిల్లా, తహసీలు, సర్వే, జీతపు ఉద్యోగి, ఇవి ఈ రాజ్యమున ఆ దివాను కాలముననే క్రమము పొందినవి. నిజాములు పోయిరి, జాగీరులు పోయెను, రాష్ట్రములు మారెను, జిల్లాల పేర్లును సరిహద్దులును మరల మరల మారెను. ఆ పద్ధతి నిలిచెను. దానిని వాడుకొను కోట్లమందిలో ఒక్కరికిని అది సాలారుజంగు వంశమునకు చెందినదని తోపదు. తోపకపోవుటయే దాని గొప్పదనము. వంశమునకు చెందనిది గనుకనే వంశముతో చావలేదు.

మన గ్రామములయందును చిన్న సాలారుజంగులు అనేకులు కలరు. దొర యను పిలుపు, గడియపేరు, ఇంటిపేరునకు ముందు తగిలించుకొన్న గౌరవము, ఇవి కుమారునికి అందునో లేదో యని దిగులుపడి దత్తతలకును, దావాలకును సగము ఆస్తి వెచ్చించువారిని మేము చూచుచునే యున్నాము. వారు ఈ వంశము కథను ఒకసారి తలచుకొందురుగాక. పెద్ద జాగీరు, నూరేండ్లకు పైబడిన దివాన్‌గిరి, దర్బారు మెట్లలో దాదాపు అన్నియు ఎక్కిన బిరుదములు, ఒక శిశువు ఊపిరిమీద నిలిచి, ఆ శిశువు వృద్ధుడై పోవుటతో పోయెను. అందరికిని పనికివచ్చునట్లు చేసిన పని యొకటి మాత్రము నిలిచెను; అందరికిని పంచని పని యేదో అదియే అగ్నియై తిరిగివచ్చెను. ఊరిచెరువునకు కట్ట వేయించినవాడును, బడికి స్థల మిచ్చినవాడును, దున్నువాని పేరు వానికి తెలిసిన భాషలో పట్టాపై వ్రాయించినవాడును వారసుని వెదకికొన నక్కరలేదు. ఆ యూరే వారి వారసురాలు.